మూల మీద మూడు గీతలు

"నువ్వు నిలబడ్డ ఈ ఆరు రోజులూ నాకు రాచమర్యాదేనే," అంది అక్క. "అంతంత బస్సులు కూడా ఆగి, ముందు నువ్వు వెళ్ళు తల్లీ అన్నట్టు చూస్తున్నాయి."

లెక్కలమ్మ కాగితం మీంచి తల ఎత్తలేదు. "మాట్లాడించకక్కా. గీత తప్పుతుంది."

"పొద్దుటి నుంచి ఒక్కటైనా గీశావా, తప్పడానికి?"

గీయలేదు. పాదచారుల దీపం పచ్చగా మారింది. అక్క భోజనం సంచీ భుజానికి తగిలించుకుని, నొప్పి మోకాలు కొంచెం ఈడుస్తూ రోడ్డు మీదికి దిగింది. అవతలి వైపు మేడపైన ఆమె పనిచేసే కుట్టు దుకాణం. అటు వెళ్ళేటప్పుడు ఎడమకు తిరిగే బండ్లన్నీ ఆమె కుడి భుజం వెనక నుంచి వస్తాయి. మెడ తిప్పి చూస్తే తప్ప కనబడవు. అక్క మెడ తిప్పలేదు. తిరగబోతున్న పాల వ్యాను ఒకటి మెత్తగా ఆగి, ఆమె దాటిపోయాక కదిలింది.

"కాస్త వెనక్కి చూసుకోవేంటక్కా!" అని ఇవతలి నుంచి అరిచింది లెక్కలమ్మ.

"నువ్వు చూస్తున్నావుగా!" అక్క వెనక్కి తిరగకుండానే చెయ్యి ఊపింది.

ఆ మాట చెప్పులో రాయిలా పడింది. ఆ క్షణంలో మాత్రం ఆమె దాన్ని దులిపేసుకుని మళ్ళీ రోడ్డు వైపు చూసింది.

రోడ్ల శాఖలో అందరూ ఆమెను లెక్కలమ్మ అనే అంటారు. వెక్కిరింతకు పెట్టిన పేరే. పదకొండేళ్ళలో అది గౌరవంగా ముదిరింది. ఆమె పని సిగ్నళ్ళున్న కూడళ్ళలో నిలబడి చూడడం. ఊళ్ళోని చాలా కూడళ్ళలో నడిచేవాళ్ళకు పచ్చ దీపం వెలిగినప్పుడే, ఎడమకు తిరిగే బండ్లకూ పచ్చే వెలుగుతుంది. ఇద్దరికీ ఒకే దారి ఇచ్చి, మధ్యలో మర్యాదను కాపలా పెట్టిన ఏర్పాటు అది. బండి గట్టిగా బ్రేకు వేయాల్సి వచ్చినా, మనిషి వెనక్కి గెంతాల్సి వచ్చినా ఆమె కాగితం మీద ఒక గీత గీస్తుంది. దెబ్బ తగలకపోయినా సరే, త్రుటిలో తప్పితే చాలు. అందుకే ఆఫీసులో ఆ గీతను త్రుటి అంటారు. ఒక్కో మూలకు ఆరు రోజులు, రోజుకు అయిదు గంటలు నిలబడాలి.

ఈ ఏడాది శాఖ చేతిలో ఉన్నది ఒకే ఒక్క బాణం దీపం. అది పెట్టిన మూలలో, నడిచేవాళ్ళు దాటుతున్నంతసేపూ ఎడమ బాణం ఎర్రగా ఉండి బండ్లను ఆపుతుంది. దానికోసం నాలుగు మూలలు పోటీలో ఉన్నాయి. ఎక్కడ త్రుటులు ఎక్కువైతే అక్కడికి దీపం. మూడు మూలల లెక్క ఇదివరకే అయిపోయింది. ఫ్లైఓవర్ కింది మూలకు ఇరవై ఆరు వచ్చాయి. మిగతా రెండింటికీ పది కూడా రాలేదు. నాలుగోది ఇది, అక్క రోజుకు రెండుసార్లు దాటే మూల.

"ఇంకేం, మీ అక్కగారి కోసం గీతల వాన కురిపిస్తారు," అని ఆఫీసులో నవ్వారు. ఆ నవ్వు ఆమెకు గుచ్చుకుంది. ఎవరూ వేలెత్తి చూపకూడదని, అనుమానం ఉన్న చోట గీత గీయనే లేదు. ఆరు రోజులకు మొత్తం మూడు గీతలు పడ్డాయి.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక, కాళ్ళు లాగి ఆమె కాలిబాట గట్టు అంచున కూర్చుంది. అప్పుడు కనబడింది రాయి. మూల మలుపులో గట్టు రాళ్ళు మూడు వరసగా పెచ్చులూడి ఉన్నాయి. నాలుగో రాయి మీద నల్లటి టైరు చార ఉంది. గట్టు మీదికి జానెడు పాకి, మనుషులు దీపం కోసం ఎదురుచూస్తూ నిలబడే చోటే అది ఆగింది. పక్కనున్న ఇనుప కమ్మీ లోపలికి వంగి ఉంది. దాని మొదట్లో దుమ్ములో నారింజ రంగు ప్లాస్టిక్ ముక్కలు మెరుస్తున్నాయి. ఏ బండి దీపానివో.

ఇంత మర్యాదస్తులు తిరిగే మూలలో రాళ్ళను కొరికింది ఎవరు?

కాగితం తిరగేసి చూసింది. రాళ్ళ గురించి రాయడానికి అందులో గడి లేదు. పదకొండేళ్ళలో ఆమెకు అలాంటి గడి కావాలని కూడా తోచలేదు. సాయంత్రం లెక్క ముగించి, కాగితం తీసుకెళ్ళి ఇంజనీరుకు ఇచ్చేసింది.

"మూడేనా!" అన్నాడాయన సంతోషంగా. "చూశారా, మీ అక్కగారి మూలే అన్నిటికన్నా మంచిది. సోమవారం దీపం ఫ్లైఓవర్ కిందికి పంపించేద్దాం."

ఆదివారమంతా ఆమె ఇంట్లో చెయ్యి పెట్టిన పనల్లా సగంలో వదిలేసింది. ఉతికిన బట్టలు దండెం మీద వేస్తూ తన పసుపు కోటు దగ్గర ఆగింది. కళ్ళు చెదిరే పసుపు. ముందూ వెనకా వెండి పట్టీలు. వీపు మీద పెద్ద అక్షరాలతో రోడ్ల శాఖ అని ఉంటుంది. ఎప్పుడో ఒక లెక్కల మనిషిని స్కూటరు గుద్దితే, అప్పటినుంచి అది తొడగకుండా మూల మీద నిలబడకూడదని నియమం వచ్చింది. రెండు వందల అడుగుల దూరం నుంచి కనబడుతుంది. కనబడాలనే కుట్టారు.

పెద్ద మాస్టారు వరండాలో నిలబడితే ఏ తరగతైనా నిశ్శబ్దంగానే ఉంటుంది. ఆ నిశ్శబ్దాన్ని చూసి, ఈ పిల్లలు ఎప్పుడూ ఇంతే బుద్ధిమంతులని రాసుకుపోయే మాస్టారు ఉంటారా?

ఆమెకు ఫ్లైఓవర్ కింది మూల గుర్తుకొచ్చింది. అక్కడ ఎండ భరించలేక ఆరు రోజులూ స్తంభం చాటున నిలబడింది. ఇరవై ఆరు వచ్చింది అక్కడే.

చేతిలోని కోటు తడిగా, బరువుగా వేలాడింది.

సోమవారం పొద్దున సగం రోజు సెలవు చెప్పి, కోటు లేకుండా, మామూలు చీరలో, ఎనిమిదిన్నరకల్లా కుట్టు దుకాణం మేడ ఎక్కింది. దుకాణం తుడిచే ఆవిడ తలుపు తీసి, "మీ అక్క తొమ్మిది దాటితే గాని రాదు కదమ్మా," అంది.

"తెలుసండీ. కాసేపు కిటికీ దగ్గర కూర్చుంటాను."

సగం కుట్టిన జాకెట్ల మధ్య ఒక ముక్కాలి పీట లాక్కుని, కిటికీ తెర వెనక కూర్చుంది. కాగితం ఒళ్ళో పెట్టుకుంది. కింద అదే మూల. అవే బస్సులు, అవే వ్యాన్లు, చాలా వరకు అవే ముఖాలు. బుద్ధులే వేరు.

పచ్చ వెలిగీ వెలగకముందే బండ్లు ముక్కు లోపలికి పెట్టాయి. నడిచేవాళ్ళు ఒక అడుగు వేసి, ఆగి, వెనక్కి తగ్గి, సందు దొరికితే పరుగెత్తారు. శనివారం మెత్తగా ఆగిన పాల వ్యాను, అదే రంగు, అదే నంబరు, ఈసారి హారను మీంచి చెయ్యి తీయకుండా ఇద్దరు ఆడవాళ్ళ మధ్య నుంచి దూసుకుపోయింది. ఒక పొడుగు లారీ మలుపు తిరిగింది. ముందు చక్రాలు రోడ్డు మీదే ఉన్నాయి గానీ, వెనక చక్రం గట్టెక్కి రాళ్ళ మీదుగా దొర్లింది. నిలబడ్డవాళ్ళు అలవాటైన వాళ్ళలా ఒక అడుగు వెనక్కి వేశారు. ఎవరూ తిట్టనైనా తిట్టలేదు.

నలభై నిమిషాలలో పదిహేడు గీతలు పడ్డాయి. పదిహేడోది గీస్తుంటే పెన్సిలు ముల్లు విరిగింది.

ఆమెను భయపెట్టింది ఆ పదిహేడు కాదు. నడిచేవాళ్ళు కూడా రెండు రకాలుగా కనబడ్డారు. కొందరు పాత భయంతోనే భుజం మీదుగా వెనక్కి చూసుకుంటూ దిగుతున్నారు. ఇంకొందరు, ఆరు రోజులు ఆగిన బండ్లను చూసి నమ్మినవాళ్ళు, నేరుగా దిగిపోతున్నారు. ఆ నమ్మకం నేర్పింది తనే. నేర్పి, శనివారం సాయంత్రం కాగితం మడుచుకుని వెళ్ళిపోయింది.

తొమ్మిదీ పదికి అక్క వచ్చింది.

మేడ మీంచి చిన్నగా కనబడింది. సంచీ సర్దుకుంది. దీపం వైపు చూసింది. పచ్చ పడగానే దిగింది. వెనకాల నీళ్ళ ట్యాంకరు మలుపు అందుకుంటోంది.

"అక్కా!"

కిటికీ ఊచల మధ్య నుంచి అరిచిన ఆ అరుపు రోడ్డు రొదలో ఆవగింజంత కూడా కాలేదు. అక్క మెడ తిప్పలేదు. రెండో అడుగు వేసింది. పక్కన నడుస్తున్న ఎవరో పెద్దమనిషి ఆమె జబ్బ పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. అక్క వెనక్కి కూలబడింది. సంచీ భుజం జారి ముందుకు పడింది. ట్యాంకరు వెనక చక్రం దాని మీదుగా వెళ్ళి, కొంత దూరంలో వేగం తగ్గించి, మళ్ళీ పెంచుకుని వెళ్ళిపోయింది.

లెక్కలమ్మ మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలియదు. అప్పటికే అక్కను నలుగురు లేపి గట్టు మీద కూర్చోబెట్టారు. మోచెయ్యి దోక్కుపోయింది. ఒళ్ళో సంచీ, సంచీలో రొట్టెలా అణిగిపోయిన స్టీలు డబ్బా.

"ఏమీ కాలేదే. డబ్బా పోయింది, నేనున్నాను," అని నవ్వింది అక్క. కాసేపటికి చుట్టూ చూసి, చిన్నపిల్లలా అడిగింది. "ఇవాళ నువ్వు కింద లేవా?"



ఆఫీసు పెరట్లో బాణం దీపం అప్పటికే గోనెగుడ్డ కప్పుకుని వ్యాను ఎక్కి ఉంది. పక్కనే తాళాలాయన బీడీ కాలుస్తున్నాడు. ఊళ్ళోని సిగ్నల్ పెట్టెలన్నిటికీ తాళంచెవులు ఆయన మొలలోనే ఉంటాయి కాబట్టి ఆ పేరు. "ఏంటమ్మా, దెయ్యాన్ని చూసినట్టున్నారు?" అన్నాడు. ఆమె నేరుగా లోపలికి వెళ్ళింది.

ఇంజనీరు పదిహేడు గీతల కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కోటు లేకుండా, కిటికీలోంచి, సెలవులో ఉండి తీసిన లెక్క. ఇది చెల్లదు లెక్కలమ్మా. మీకు నేను చెప్పాలా?"

"చెల్లనిది ఇది కాదు సార్. శనివారం ఇచ్చిన మూడు. కోటు చూసి ఆగారు వాళ్ళు. నేను లెక్కపెట్టింది నా కోటును."

"మరి మిగతా మూలల్లోనూ కోటుతోనే నిలబడ్డారుగా?"

అడగడం అయితే అడిగాడు గానీ, ఆ ప్రశ్న ఎటు పోతుందో ఆయనకే తట్టి ఆగిపోయాడు.

ఆమె లేచి గోడవార బీరువా తెరిచింది. ఆమె లెక్క చూసి, బాణం అక్కర్లేదని తేల్చిన మూలల ఫైళ్ళు ఇరవై మూడున్నాయి. వాటిలో ఒకటి తీసింది. ఏ ఫైలు తీయాలో ఆమె వెతుక్కోలేదు. వాటర్ ట్యాంకు మూల. ఆరు రోజులు, రెండు గీతలు. అట్టకు వెనకవైపు తర్వాత కుట్టిన పేజీ ఒకటుంది. లెక్క ముగిసిన పదకొండో రోజు. పాదచారి, వయసు అరవై నాలుగు. ఎడమకు తిరుగుతున్న బస్సు. కారణం: పాదచారి అజాగ్రత్తగా దాటుట.

ఆ పేజీని ఆమె అప్పుడే చదివింది. తలరాత బాగాలేదు పాపం అనుకుని, అట్ట మూసి, బీరువాలో పెట్టింది. పదకొండు రోజుల అంకె అప్పుడు మామూలు అంకెలానే కనబడింది.

"ఆ పెద్దాయన మెడ తిప్పి ఉండడు సార్," అంది మెల్లగా.

ఇంజనీరు కిటికీ వైపు చూశాడు. చెడ్డవాడు కాదు. ఇంకో రెండేళ్ళలో పదవీ విరమణ. ఇరవై మూడు అట్టల మీదా కింద ఉన్నది ఆయన సంతకమే.

"ఒక మాట చెబుతాను, వినండి," అన్నాడు గొంతు తగ్గించి. "బాణానికి ఆర్డరు వెళ్ళిపోయింది, దాన్ని ఆపలేను. కానీ మీ అక్కగారి మూలలో నాలుగు సెకన్లు ఇవ్వగలను. నడిచేవాళ్ళకు ముందు పచ్చ, బండ్లకు నాలుగు సెకన్ల తర్వాత. అంతలో మనిషి రోడ్డు మధ్యకు చేరుకుంటుంది. కళ్ళెదురుగా మనిషి ఉంటే ఎంత మొండివాడైనా బ్రేకు తొక్కుతాడు. దానికి కొత్త సామాను అక్కర్లేదు, పెట్టెలో అంకె మారిస్తే చాలు. ప్రయోగం అని రాసి ఇవాళే చేయిస్తాను."

"మరి మిగతా మూలలు?"

"ప్రయోగం ఒక్కచోటే. అన్నిచోట్లా అంటే కారణం రాయాలి."

"కారణం నేను రాసిస్తాను. నా లెక్కలు తప్పని."

"రాస్తే ఏమవుతుందో తెలుసా? లెక్క తప్పని కాగితం పడ్డ నిమిషం నుంచి విచారణ అయ్యేదాకా ఆ లెక్కతో ముడిపడ్డ ఏ పెట్టెనూ ముట్టుకోకూడదు. నెలలు పడుతుంది. అప్పుడు మీ అక్కగారి నాలుగు సెకన్లూ ఉండవు." ఆయన అరచేతులు రెండూ చాపి, తక్కెడలా పట్టుకున్నాడు. "ఏదో ఒకటే. ఆలోచించుకోండి."

ఆమె ఆలోచించుకుంది. ఆలోచించడానికి పెద్దగా ఏమీ లేదు. అణిగిన డబ్బా కళ్ళ ముందే ఉంది.

"నాలుగు సెకన్లు ఇప్పించండి సార్," అంది.

ఇంజనీరు పెద్ద బరువు దించుకున్నవాడిలా ఊపిరి వదిలి, తాళాలాయనను పిలిచి ఆర్డరు రాసిచ్చాడు. ఆయన చదువుకుని, "ఫ్లైఓవర్ దగ్గర సామాను దించేసి, అటునుంచి అటే ఈ మూలకు వెళ్ళి మారుస్తాను. నాలుగింటికి అయిపోతుంది," అన్నాడు.

"అయ్యాక నాకొక ఫోన్ చెయ్యండి బాబాయ్," అంది లెక్కలమ్మ.

తన బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చుంది. తెల్ల కాగితం తీసుకుంది. రెండు వాక్యాలు రాసి కొట్టేసింది. మళ్ళీ రాసింది. జాగ్రత్తగా, ఒక్క మాట ఎక్కువ కాకుండా, ఒక్క మాట తక్కువ కాకుండా. అక్క మూలతో కలిపి ఇరవై మూడు మూలల పేర్లూ వరసగా రాసింది. కాగితం బోర్లించి, దాని మీద చెయ్యి పెట్టుకుని ఎదురుచూసింది. మూడున్నర అయింది. నాలుగైంది. పక్క బల్లల వాళ్ళు ఏదో జోకు వేసుకుని నవ్వారు. నాలుగూ ఇరవైకి ఫోన్ మోగింది.

"అయిపోయిందమ్మా. పెట్టె మూసి తాళం కూడా వేశాను. రెండుసార్లు దగ్గరుండి చూశాను. బండ్లవాళ్ళు తిడుతున్నారు గానీ ఆగుతున్నారు."

"మంచిది బాబాయ్."

లేచి వెళ్ళి కాగితాన్ని ఇంజనీరు బల్ల మీద పెట్టింది. పక్కనే వచ్చే పోయే కాగితాల ఆవక జావక పుస్తకం తెరిచి, అందులో కాగితం నంబరు, తేదీ, సమయం తనే రాసింది.

ఆయన చదివాడు. ముఖం మొదట ఎర్రబడి, తర్వాత పాలిపోయింది. "ఏదో ఒకటే అన్నాను."

"అన్నారు సార్. ఆ మూల అయిపోయింది. ఇది మిగతావాటికి."

"నాలుగు సెకన్లు వెనక్కి తీయించేస్తాను."

"తీయాలన్నా పెట్టె ముట్టుకోవాలిగా సార్."

ఇంజనీరు కాగితం బల్ల మీద పెట్టాడు. ఆయన మాట్లాడినప్పుడు గొంతులో కోపం లేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

"మీ అక్కగారిని ఒడ్డెక్కించుకుని, వెనక తాడు కోసేశారు. ఈ ఇరవై మూడింటిలో, రేపు నేను ఒకటో రెండో గుట్టుగా సరిచేసి ఉండేవాణ్ణేమో. ఇక కుదరదు. నెలలపాటు ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి. కాగితం నిజమే. కానీ కాగితం రోడ్డుకు అడ్డం నిలబడదు లెక్కలమ్మా."

ఆమె నమస్కారం పెట్టి బయటికి వచ్చింది.

అయిదవుతోంది. ఆఫీసులు వదిలే వేళ. బస్టాపులో నిలబడి, సంచీలోంచి కోటు తీసి చేతి మీద వేసుకుంది. రెండో చేతిలో ఆ కాగితం నకలు. ఇరవై మూడు పేర్లు. ఎక్కడికైనా వెళ్ళి నిలబడవచ్చు. తను నిలబడ్డ చోట ఎవరికీ ఏమీ కాదు. ఆ సంగతి ఇప్పుడు ఆమెకు అందరికన్నా బాగా తెలుసు. కానీ ఏ మూల? పై నుంచి కిందికి చదివింది. కింది నుంచి పైకి చదివింది. ఒక బస్సు వచ్చి వెళ్ళిపోయింది. ఇంకొకటీ వెళ్ళిపోయింది. మూడోది రాగానే నంబరు చూడకుండా ఎక్కేసింది.

నిలబడే చోటే దొరికింది, డ్రైవరు వెనక కమ్మీ పట్టుకుని. బస్సు రెండు స్టాపులు దాటి, ఒక సిగ్నలు దగ్గర ఆగి, ఎడమ వైపు దీపం మినుకుమినుకుమనిపించింది. అద్దంలోంచి ఆమె చూసింది. గట్టు మీద పది పన్నెండు మంది నిలబడి ఉన్నారు. కూరగాయల సంచీతో ఒకావిడ, ఫోనులో మాట్లాడుతున్న ఒకాయన, చేతులు పట్టుకున్న ఇద్దరు అమ్మాయిలు. వాళ్ళకు పచ్చ వెలిగింది. బస్సుకూ వెలిగింది. వాళ్ళు దిగారు.

"ఆపండి," అంది లెక్కలమ్మ.

డ్రైవరు అద్దంలోంచి ఆమె వైపు ఒక చూపు చూశాడు. చీర కట్టుకున్న ఒక ప్రయాణికురాలు. కోటు చేతి మీద మడతపెట్టి ఉంది.

"స్టాపు ముందుందమ్మా," అని స్టీరింగు ఎడమకు తిప్పాడు.